మూడోసారి నొక్కితే వచ్చే కంప్యూటర్

"ఆన్ అయితలేదు" అన్న రెండు మాటల వెనక కనీసం అరడజను వేర్వేరు లోపాలు ఉండొచ్చు. మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేకపోవడం ఒకటి. ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగి ఆగిపోవడం మరొకటి. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. లేదా కంపెనీ బొమ్మ వచ్చి అక్కడే నిలిచిపోతుంది. విండోస్ చుక్కలు గిర్రున తిరిగి తిరిగి మళ్లీ మొదటికొస్తాయి. లేదంటే నీలి తెర. ఇంట్లోవాళ్లకు ఇవన్నీ ఒకటే: పని ఆగింది. ముద్ఖేడ్‌లో నేను చూసిన మెకానిక్ పనితనం ఆ రెండు మాటల్ని ఉన్నవి ఉన్నట్టు ఒప్పుకోకపోవడంతో మొదలవుతుంది.

ముద్ఖేడ్ మన వాళ్లలో చాలామందికి రైలు కిటికీలోంచి తెలిసిన ఊరు. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్, బాసర, ధర్మాబాద్, ఉమ్రీ మీదుగా వెళ్తే నాందేడ్‌కు కాస్త ముందు తగిలే జంక్షన్. ఇక్కడ విడిపోయిన పాయ భోకర్, కిన్వట్ మీదుగా ఆదిలాబాద్ చేరుతుంది. 1956 దాకా నాందేడ్ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోది. కిన్వట్ అయితే అప్పటిదాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. అందుకే ఇక్కడి దుకాణాల్లో మరాఠీలో మొదలైన బేరం ఉర్దూలోకి, అక్కణ్ణుంచి తెలుగులోకి ఎవరూ గమనించకుండానే జారిపోతుంది. మా మెకానిక్ మూడింటిలోనూ తిట్టగలరు, మూడింటిలోనూ ఓపిగ్గా అడగగలరు. పేరు అక్కర్లేదు. ఒక బల్ల, బల్ల మీద మందపాటి రబ్బరు చాప, పక్కన దుమ్ము ఊదే బ్లోవర్, ఒక మల్టీమీటర్, ఒక గళ్ల నోటు పుస్తకం. దుకాణం అంతే. సామాను నాందేడ్‌లో దొరక్కపోతే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి రైల్లో వస్తుంది.

మా మేనత్త గారి ఇంటి డెస్క్‌టాప్‌ను అక్కడికి పట్టుకెళ్లాం. పదేళ్లు దాటిన యంత్రం. అప్పటికే ఇంకో చోట చూపించి ఉన్నాం. "విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి" అన్నారు వాళ్లు. ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయని అత్త ఒప్పుకోలేదు. ఈయన స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. పుస్తకం తెరిచారు.

"పెద్దమ్మా, మీట నొక్కినంక ఫ్యాన్ తిరుగుతదా?"

"తిరుగుతది బిడ్డా. బొమ్మనే రాదు."

"ఎప్పుడూ రాదా, ఒక్కోపారి వస్తదా?"

"మూడు నాలుగుపార్లు బంద్ చేసి పెడితే వస్తుండె. అదీ పొద్దుగాల్నే ఈ తంటా. పగటీలి ఒక్కపారికే వస్తుండె. మొన్న ఆడ చూపిచ్చినంక నీలంగ అయితుంది."

"ఒకసారి వచ్చినంక మధ్యల ఆగిందా?"

"ఊహూ. రాత్రిదాక నడుస్తది."

"డబ్బా ముట్టుకుంటే జిల్లుమంటదా?"

అత్త ఆశ్చర్యపోయింది. "నీకెట్ల ఎర్క?"

ఆయన నవ్వి ఊరుకున్నారు. పుస్తకంలో 'పొద్దుగాల' అన్న మాట కింద గీత గీశారు. సంక్రాంతి నాటి చలి ఇంకా పూర్తిగా పోలేదు. ఆ గీత విలువ నాకు తర్వాత గానీ అర్థం కాలేదు.

ఆ ప్రశ్నలు ఎందుకు ఆ వరసలో వచ్చాయో తెలియాలంటే, కంప్యూటర్ లేవడం అనే పని లోపల ఎలా సాగుతుందో తెలియాలి. తిరుపతి నుంచి ఆదిలాబాద్ వెళ్లే కృష్ణా ఎక్స్‌ప్రెస్ ముద్ఖేడ్‌లో దిశ మార్చుకుంటుంది. ఇంజను ఇటు ఊడి అటు చివర తగులుకుంటుంది. తగులుకోగానే బండి కదలదు. బ్రేకు పైపు కలపాలి, గాలి ఒత్తిడి చివరి పెట్టె దాకా అందిందని తేలాలి, అప్పుడే జెండా. కంప్యూటర్ మేల్కొనడం కూడా ఇలాంటి అప్పగింతల వరసే. ఒక దశ తన పని సరిగ్గా ఉందని తేల్చుకున్నాకే పగ్గాలు తర్వాతి దశకు ఇస్తుంది.

మొదటి అప్పగింత ఎస్ఎంపీఎస్‌ది, అంటే గోడలోని 230 వోల్టుల్ని 12, 5, 3.3 వోల్టులుగా మార్చే ఇనప డబ్బాది. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతిలో ఈ డబ్బా నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే వైర్ల రంగులకు అర్థాలున్నాయి. పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3, నలుపు గ్రౌండ్. ఊదారంగు వైరు కంప్యూటర్ ఆపి ఉన్నా మేలుకునే ఉంటుంది. ఆకుపచ్చ వైరు 'లే' అని చెప్పేది. బూడిదరంగుది ఒకటుంది, దుకాణాల్లో గ్రే వైరు అంటారు. ఆకుపచ్చలాగే ఇదీ కరెంటు కాదు, మాట మోస్తుంది. వోల్టులన్నీ హద్దుల్లోకి వచ్చి నిలబడ్డాక, సెకనులో పదో వంతు నుంచి సగం దాకా ఆగి, ఇందులో 5 వోల్టులు వస్తాయి. "అంతా బాగుంది, ఇక మొదలుపెట్టు" అని దాని అర్థం. అది వచ్చేదాకా మదర్‌బోర్డు ప్రాసెసర్‌ను కదలనివ్వదు. ఫ్యాన్‌కు ఈ కట్టుబాటు లేదు. 12 వోల్టులు అందితే చాలు, తిరిగేస్తుంది. ఫ్యాన్ తిరగడం చూసి "కరెంటు బాగానే ఉంది" అనుకునేవాళ్లంతా దెబ్బతినేది ఇక్కడే.

తర్వాతి దశ బయోస్‌ది, అంటే మదర్‌బోర్డు మీదే ఉండే తొలి ప్రోగ్రాముది. ఐబీఎం తన మొదటి పర్సనల్ కంప్యూటర్‌ను 1981 ఆగస్టు 12న ప్రకటించింది. దాని బయోస్ రాసిన ఇంజనీరు డేవిడ్ బ్రాడ్లీ. మనమంతా నొక్కే కంట్రోల్-ఆల్ట్-డిలీట్ కూడా ఆయనదే. ఆ బయోస్ మొత్తం పట్టిన చోటు 8 కిలోబైట్లు. ఈరోజు వాట్సాప్‌లో వచ్చే శుభోదయం బొమ్మలో మూలకు సరిపోదు. అంత ఇరుకులో కూడా యంత్రం తనను తాను పరీక్షించుకునే ఏర్పాటు పెట్టారు. ఆ పరీక్ష అంతా సవ్యంగా సాగితే ఒక పొట్టి బీప్. తెర వెలగక ముందే లోపం దొరికితే దాన్ని తెర మీద రాయలేరు కాబట్టి మోతల్లో చెప్పించారు. తర్వాత వచ్చిన అవార్డ్ బయోస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి మోతలంటే తెర కార్డు సంగతి. ఆగకుండా పొడుగు మోతలంటే ర్యామ్. ఇవి కాక బయోస్ తానున్న మెట్టు సంఖ్యను 80 అనే ద్వారం దగ్గర వదిలిపోతుంది. డీబగ్ కార్డు గుచ్చితే రెండు అంకెల్లో అది కనపడుతుంది. నడక ఆగినా చివరి అడుగు ఎక్కడ పడిందో చూడొచ్చు. తాము కట్టినది ఒకనాడు చెడిపోతుందని ఒప్పుకుని, చెడిపోయినప్పుడు చూడబోయే మనిషి కోసం గుర్తులు వదిలిన వాళ్లంటే నాకు గౌరవం. ఇప్పటి యంత్రాలు మెరిసే కంపెనీ బొమ్మతో ఆ గుర్తుల్ని కప్పేస్తున్నాయి. కొత్త డబ్బాల్లో బీప్ కొట్టే బుల్లి స్పీకర్ కూడా పెట్టడం లేదు. కొన్ని రూపాయల వస్తువది. మా మెకానిక్ తన స్పీకర్ తానే తెచ్చి తగిలిస్తారు.

బయోస్ తర్వాత డిస్కు. పాత పద్ధతిలో డిస్కు మొదటి 512 బైట్లను బయోస్ చదివి, చివర 55 ఏఏ అనే గుర్తు ఉందో లేదో చూసి, ఉంటే పగ్గాలు అక్కడికి ఇచ్చి తప్పుకుంటుంది. అక్కణ్ణుంచి విండోస్ బూట్ మేనేజర్, దాన్నుంచి కెర్నెల్, డ్రైవర్లు, చివరికి మన పేరున్న తెర. కొత్త యంత్రాల్లో బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ ఈ వరసను చాలా మార్చింది. అప్పగింతలు మాత్రం ఉన్నాయి.

కాబట్టి ఆయన మొదట తేల్చుకునేది ఒక్కటే: ఎంతదాకా పోయింది? 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ పంపిన ఒక తప్పు ఫైలుతో ప్రపంచమంతటా 85 లక్షల దాకా విండోస్ యంత్రాలు నీలి తెర దగ్గర కూలబడ్డాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ యంత్రాల్లో కరెంటు బాగుంది, ర్యామ్ బాగుంది, డిస్కు బాగుంది. చిట్టచివరన, కెర్నెల్ తన డ్రైవర్లను ఎక్కించుకునే చోట పడిపోయాయి. మందు చిన్నదే: సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఫైలు తీసేయడం. కానీ చాలా యంత్రాల దగ్గరికి మనిషి నడిచి వెళ్లాల్సి వచ్చింది. బిట్‌లాకర్ తాళం ఉన్నచోట 48 అంకెల సంఖ్య వెతికి కొట్టాల్సి వచ్చింది. పెద్ద పెద్ద కంపెనీల ఇంజనీర్లు ఆ వారాంతమంతా చేసింది ముద్ఖేడ్ బల్ల మీద జరిగే పనే.

అత్త కంప్యూటర్ దగ్గరికి వద్దాం. డబ్బా తెరిచారు. దుమ్ము ఊదలేదు. ర్యామ్ పీకి రబ్బరుతో రుద్ది పెట్టడం మన దగ్గర అందరికీ తెలిసిన మొదటి వైద్యం, అదీ చేయలేదు. నేను అడిగాను.

"ముందే పీకి పెడితే మంచిగైందా లేదా తెలుస్తది సార్. ఎందుకైందో తెల్వది. రేపు మళ్ల వస్తరు."

ఆ రబ్బరు వైద్యం అబద్ధం కాదు. ర్యామ్ అంచున ఉన్న బంగారు పూత మీద మురికి పడితే అంటు సరిగా కుదరదు, తుడిస్తే కుదురుతుంది. కానీ పీకినప్పుడు సాక్ష్యం కూడా చెదిరిపోతుంది. ఆయన ఏదీ కదపకుండా ముందు చూసుకుంటారు, కదిపితే ఒక్కసారికి ఒక్కటే. ఈ నిగ్రహం నేర్పడం కష్టం. ఎదుట గిరాకీ నిలబడి "ఎంతసేపు?" అంటుంటే మరీ కష్టం.

మీట నొక్కారు. అప్పటికి ఎండ ఎక్కింది. అత్త చెప్పినట్టే ఒక్కసారికే లేచింది. బీప్ వచ్చింది, తెర వచ్చింది. 'సీఎంఓఎస్ చెక్‌సమ్ ఎర్రర్' అన్న వరస, కొనసాగాలంటే ఎఫ్1 నొక్కమని. నొక్కితే విండోస్ చుక్కలు కాసేపు తిరిగి నీలి తెర: 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్'. బూట్ చేయాల్సిన డిస్కు అందడం లేదని దాని ఫిర్యాదు. "విండోస్ పోయింది" అన్న తీర్పు ఈ తెర చూసే వచ్చి ఉంటుంది.

ఆయన బయోస్‌లోకి వెళ్లారు. తేదీ ఎన్నో ఏళ్ల వెనక ఉంది. మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీని, సీఆర్ 2032 అంటారు దాన్ని, 3 వోల్టులది, మీటరుతో కొలిస్తే రెండున్నర కూడా లేదు. గడియారాన్నీ సెట్టింగుల్నీ నిలబెట్టేది అదే. గోడ ప్లగ్గు పెట్టి ఉన్నంతకాలం ఊదారంగు వైరు దాని భారం మోసింది. రిపేరుకని డబ్బా ఊడబెరికి తీసుకెళ్లగానే సెట్టింగులు చెరిగిపోయి ఫ్యాక్టరీవి వచ్చాయి. వాటిలో ఒకటి డిస్కుతో మాట్లాడే పద్ధతి. విండోస్ ఎక్కించినప్పుడు ఏహెచ్‌సీఐలో ఉన్నది ఇప్పుడు ఐడీఈ అయింది. విండోస్ తనకు తెలిసిన దారిలో డిస్కు కోసం వెతికి, దొరక్క, చేతులెత్తేసింది. ఆయన బ్యాటరీ మార్చి, ఆ ఒక్క సెట్టింగు వెనక్కి తిప్పి, తేదీ సరిచేసి సేవ్ చేశారు. విండోస్ వచ్చింది. అత్త మనవడి ఫొటో తెర మీద.

నేనైతే అక్కడితో డబ్బులిచ్చి లేచేవాణ్ణి. ఆయన పుస్తకం చూపించారు. 'పొద్దుగాల' అన్న మాట కింద గీత. బ్యాటరీ చచ్చినందుకు తేదీ తప్పుతుంది, సెట్టింగు పోతుంది. అంతేగానీ పొద్దున రాని బీప్ మధ్యాహ్నం రావడానికి బ్యాటరీ కారణం కాదు. దొరికిన మొదటి తప్పుకు అన్ని లక్షణాలూ అంటగట్టకపోవడం, మిగిలిపోయిన ఒక్క లక్షణం కోసం మళ్లీ వెతకడం, ఆయన పనిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ లెక్కలు చూసి, పాడైన సెక్టార్లేవీ లేవని రాసుకుని, ఫొటోలు ముందు ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, "రేపు పొద్దుగాల రాండ్రి" అన్నారు. డబ్బా రాత్రంతా దుకాణంలో చల్లారాలి.

మర్నాడు షట్టరు తీసే వేళకు వెళ్లాం. మల్టీమీటర్ నల్ల కడ్డీ డబ్బా ఇనుముకు, ఎర్ర కడ్డీ 24 పిన్నుల కనెక్టర్ వెనకనుంచి గ్రే వైరు పక్కగా లోపలికి దూర్చి, మదర్‌బోర్డు స్లాట్‌లో డీబగ్ కార్డు గుచ్చి, మీట నొక్కారు. ఫ్యాన్ తిరిగింది. పసుపు, ఎరుపు వైర్లు ఆ తర్వాత చూశారు, పైపైకి బాగానే ఉన్నట్టు కనిపించాయి. గ్రే వైరు మీద మాత్రం దాదాపు సున్నా. కార్డు మీద ఏ అంకే లేదు. బీప్ లేదు. ఆపి, మళ్లీ నొక్కారు. సున్నా. మూడోసారికి మీటరు అంకెలు ఎగిరి 5 దగ్గర నిలబడ్డాయి, వెంటనే కార్డు మీద అంకెలు పరుగెత్తాయి, బీప్. అత్త చలికాలమంతా పడ్డ తంటా ఆ ఒక్క వైరు మీద కనపడింది.

కారణం ఎస్ఎంపీఎస్ లోపలి కెపాసిటర్లు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో ఒక ద్రవం ఉంటుంది. వేడికి అది కొద్దికొద్దిగా ఎండిపోతుంది. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్ల మోటు లెక్క, నాందేడ్ ఎండలు ఎలాంటివో చెప్పక్కర్లేదు. ఎండిన కెపాసిటర్‌లో లోపలి నిరోధం పెరుగుతుంది. చలిలో ఇంకా పెరుగుతుంది. వోల్టులు నునుపుగా కాక అలలు అలలుగా వస్తాయి. అంత తొందరగా మారే అలలను మామూలు మీటరు పట్టదు, సగటు చూపించి ఊరుకుంటుంది. డబ్బాలోని కాపలా చిప్పు మాత్రం పడుతుంది, అందుకే గ్రే వైరుకు సరేనన్న మాట ఇవ్వదు. రెండు మూడుసార్లు నొక్కేసరికి కెపాసిటర్లు కాస్త వేడెక్కి దారికొస్తాయి. వేసవిలో అయితే ఈ లోపం బయటపడేదే కాదు.

బల్ల కింద నుంచి తనకు బాగా తెలిసిన ఎస్ఎంపీఎస్ ఒకటి తీసి తగిలించారు. మొదటిసారికే బీప్. ఇక్కడ ఆయన చేసిన పని చాలామంది చేయరు. పాతది కాసేపు అలా బయట చల్లటి గచ్చు మీద పెట్టి, కొత్తది ఊడదీసి, పాతది మళ్లీ తగిలించారు. గ్రే వైరు సున్నా. లోపం తిరిగొచ్చింది. కొత్తది పెడితే బాగైందంటే కనెక్టర్ కదిలినందువల్ల కూడా కావచ్చు. చెడ్డది పెడితే మళ్లీ చెడిందంటే ఇక అనుమానం లేదు. గిరాకీ ముందు బాగైన యంత్రాన్ని తన చేతులతో మళ్లీ చెడగొట్టి చూపడానికి గుండె కావాలి.

కెపాసిటర్లు మారుస్తారా అని అడిగాను. మార్చగలరట, కానీ ఇళ్లకు ఇచ్చే వాటిలో మార్చరట. లోపల పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్గు తీశాక కూడా 300 వోల్టులకు పైగా నిలవుంటాయి. నాలుగు కెపాసిటర్లు మార్చితే ఐదోది ఎప్పుడు పోతుందో ఆయన హామీ ఇవ్వలేరు. పారేయడం కంటే బాగుచేయడమే మేలని నమ్మే నాకు అది కొంచెం రుచించలేదు గానీ, పిల్లలు తిరిగే ఇంట్లో పెట్టే డబ్బా విషయంలో ఆయన మాటే నెగ్గాలి. చాలాసేపు ఆగి, లోపలి నిలవ పోయిందని కొలిచి చూసుకున్నాక మూత తీసి చూపించారు. రెండు కెపాసిటర్ల నెత్తి ఉబ్బి ఉంది.

బిల్లులో మూడు వరసలు: ఎస్ఎంపీఎస్, బ్యాటరీ, చూసినందుకు కూలి. విండోస్ ఎక్కించిన ఖర్చు లేదు, ఎక్కించలేదు గనక. కొత్త డబ్బా పక్కన చిన్న కాగితం అంటించి తేదీ, ఆ రోజు కొలిచిన మూడు వోల్టేజీలు రాశారు. పాత డబ్బా మాకే ఇచ్చేశారు, ఇచ్చేముందు దాని 24 పిన్నుల కనెక్టర్‌ను కత్తెరతో కత్తిరించి. ఫ్యాన్ తిరుగుతుంది కదా అని ఎవరో ఒకరు మళ్లీ వాడేస్తారట.

ఇక ఆ జిల్లు. ఎస్ఎంపీఎస్‌లో ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి ఇనప డబ్బాకు చిన్న ఫిల్టర్ కెపాసిటర్లుంటాయి. ఇంట్లో ఎర్త్ లేకపోతే వాటి గుండా డబ్బాకు గోడ వోల్టుల్లో సగం దాకా ఎక్కుతుంది. కరెంటు చాలా కొద్దిది, అందుకే జిల్లుమని ఊరుకుంటుంది. కొత్త ఎస్ఎంపీఎస్ పెట్టినా అది పోదు. అది గోడలోని తప్పు.

"నేను చేసేది కాదు పెద్దమ్మా. కరెంటాయన్ని పిలిపిచ్చి ఎర్త్ తీగ చూపియ్యండ్రి. చూపిచ్చేదాక చెప్పులేసుకుని కూసోండ్రి."